అమెరికాలో నల్లజాతి తల్లులు తల్లిపాలు తక్కువ ఇవ్వడం: అలవాటా, చరిత్రా?

గోదారి_పిల్ల:
నేను ఇక్కడ అమెరికాలో మెటర్నిటీ వార్డులో నర్సుని. మొన్న మనవాళ్ళ పాట్‌లక్‌లో, అదే తలో వంటకం పట్టుకొచ్చే విందులో, ఒకావిడ "నల్లోళ్ళు పిల్లలకి పాలివ్వరమ్మా, బద్ధకం, గవర్నమెంటు డబ్బాపాలు ఫ్రీగా ఇస్తుందిగా" అంది, అందరూ తలూపారు. ఒళ్ళు మండింది గానీ గొడవెందుకని ఊరుకున్నా. తేడా ఉన్నమాట నిజమే, 2015లో పుట్టిన పిల్లల లెక్క ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ తీస్తే తల్లిపాలు మొదలెట్టింది తెల్లవాళ్ళలో 85.9 శాతం, నల్లవాళ్ళలో 69.4. కానీ కారణం బద్ధకమేనా?

శ్రీను_డల్లాస్:
బద్ధకం అనను అక్కా. కానీ ఇదంతా బానిసత్వం వల్లే అంటారు కొందరు, అది 1865లోనే పోయింది, ఇంకా దాని పేరే చెప్తే ఎలా? పేద తల్లులకీ పిల్లలకీ గవర్నమెంటు సరుకులిచ్చే విక్ స్కీములో పాలపొడి వస్తోంది, ఈజీగా ఉంది, వాడుతున్నారు, అంతే.

రాజ్యం_పిన్ని:
అంతే కాదు బాబూ. బానిస తల్లుల్ని దొరల పిల్లలకి పాలిమ్మని కూర్చోబెట్టేవాళ్ళు, సొంత బిడ్డ ఆకలికి ఏడుస్తుంటే వినబడుతూనే ఉండేది. బానిసత్వం పోయాక కూడా ఎంతమంది తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పిల్లల్ని పెంచే పనికే పోయారో, అలాంటి ఆడవాళ్ళ సొంత కుటుంబాల్లో పాలివ్వడం అంటే ముద్దుముచ్చట కాదు, చాకిరీ గుర్తు. సరే అది పాతదే అనుకో, 1946 సంగతి చెప్తా. నార్త్ కరొలైనాలోని రీడ్స్‌విల్‌లో ఫల్ట్జ్ అనే నల్లజాతి కౌలురైతు దంపతులకి ఒకే కాన్పులో నలుగురు ఆడపిల్లలు పుట్టారు. తల్లికి వినబడదు, మాట రాదు. పురుడు పోసిన తెల్ల డాక్టరే నలుగురికీ మేరీతో మొదలయ్యే పేర్లు పెట్టేశాడు, పెట్ మిల్క్ అనే డబ్బాపాల కంపెనీతో బేరం కూడా తనే కుదిర్చాడు. ఇంక ఆ పిల్లల ఫొటోలతో నల్లజాతి వాళ్ళు చదివే పత్రికల్లో ఒకటే యాడ్స్. అలవాటు ఎవరు చేశారంటావ్?

శ్రీను_డల్లాస్:
ఇది నాకు తెలీదు పిన్నీ. అయినా ఇవాళ్టి పిల్లకి ఆ యాడ్ తెలీదు కదా.

గోదారి_పిల్ల:
యాడ్ తెలీదు, ఆస్పత్రి తెలుసు. బిడ్డ రొమ్ము పట్టట్లేదని ఒక నల్లజాతి బాలింత అంటే చేతిలో సీసా పెట్టి వెళ్ళిపోయారు, పక్క రూములో తెల్లావిడ దగ్గర పాలివ్వడం నేర్పే ల్యాక్టేషన్ కన్సల్టెంట్ అరగంట కూర్చుంది, నా కళ్ళారా చూశా. నల్లవాళ్ళు ఎక్కువున్న ఏరియాల ఆస్పత్రుల్లో ఈ సాయం తక్కువని 2014లో సీడీసీ కూడా రాసింది. మిసిసిపీ, దాని చుట్టుపక్కల రాష్ట్రాల్లో కొన్ని ఆస్పత్రులు పుట్టిన వెంటనే బిడ్డని తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టడం, రాత్రీ పగలూ తల్లి దగ్గరే ఉంచడం లాంటివి 2014 నుంచి మొదలెడితే మూడేళ్ళలో నల్లజాతి తల్లుల్లో పాలు మొదలెట్టినవాళ్ళు 46 నుంచి 63 శాతానికి వచ్చారు. మూడేళ్ళలో బద్ధకం ఎగిరిపోయిందా ఏంటి?

కమల_న్యూజెర్సీ:
ఇంకోటి, ఆఫ్రికా, కరేబియన్ నుంచి వచ్చిన తల్లులు ఇక్కడ పుట్టిన నల్లజాతి తల్లుల కంటే ఎక్కువగా పాలిస్తారు, కాబట్టి రంగుదేం లేదు. మనకైతే కాన్పుకి అమ్మ ఆర్నెల్ల వీసా మీద వచ్చి వేడినీళ్ళు పోసి వెల్లుల్లి కారంతో అన్నం కలిపి పెడుతుంది. ఇక్కడ చట్టం ఇచ్చే 12 వారాల సెలవు జీతం లేనిది, అదీ అందరికీ రాదు, గంటల లెక్కన పనిచేసే పిల్ల ఏం చేస్తుంది?

శ్రీను_డల్లాస్:
ఆస్పత్రి పాయింట్ ఒప్పుకున్నా. అయితే విక్ పాలపొడి ఆపేయాలంటారా?

గోదారి_పిల్ల:
ఆపితే పస్తుండేది ఆ బిడ్డే కదా శ్రీనూ. పాలిచ్చే తల్లికి ఎక్కువ సరుకులు, నేర్పడానికి మనిషి కూడా విక్‌లోనే ఉన్నాయి, వాటిని పెంచమని అడుగుదాం. శనివారం మళ్ళీ పాట్‌లక్ ఉంది, ఆవిడ వస్తుంది. ఈసారి పులిహోర పట్టుకెళ్ళి ఆవిడ పక్కనే కూర్చుంటా.