షీషా అంటే మన సీసాయే, నార్గిలే అంటే మన నారికేళమే

మొన్న మా మేనల్లుడు దుబాయి నుంచి ఫోన్ చేసి "మామయ్యా, ఇక్కడ హుక్కా అంటే ఎవరికీ అర్థం కాదు, షీషా అనాలి" అన్నాడు. ఆ మాట మనింట్లోనే ఉందిరా, మీ అమ్మమ్మ కిరసనాయిలు పోసి దాచేది దాన్లోనే అన్నాను. వాడికి ఎక్కలేదు. మీకైనా ఎక్కుతుందేమో అని ఇక్కడ రాస్తున్నా.

ఫార్సీలో షీషా అంటే గాజు, గాజుబుడ్డి. షర్బత్ మన నోట్లో సరబత్తు అయినట్టే షీషా సీసా అయింది, అంతే. ఈజిప్టులోనూ గల్ఫ్‌లోనూ అడుగున నీళ్లు పోసే గాజుబుడ్డి పేరే మొత్తం సామానుకి పేరైపోయింది. ఇక హుక్కా చూడండి. అరబీలో ఆ మాటకి చిన్న పెట్టె, భరిణె అని అర్థం. అదీ పాత్రే.

అసలు తమాషా నార్గిలేతో. టర్కీలో, గ్రీసులో, బాల్కన్ దేశాల్లో హుక్కాకి ఇదే పేరు. ఫార్సీ నార్గీల్ నుంచి వచ్చింది, నార్గీల్ అంటే కొబ్బరికాయ, అది మన నారికేళం నుంచి పోయిన మాటే. కొబ్బరిచిప్పలో నీళ్లు పోసి, పైన చిలుము (పొగాకూ నిప్పూ పెట్టే చిన్న గిన్నె), పక్కన గొట్టం పెట్టి పీల్చేవాళ్లు కాబట్టి ఆ పేరు. చిప్ప పోయి గాజు వచ్చింది, వెండి వచ్చింది, పేరు మాత్రం కొబ్బరికాయ దగ్గరే ఆగిపోయింది. బేరూత్ వాళ్లు మొదటి 'న'ని మింగేసి అర్గీలే అంటారు. పూజలో పంతులుగారు నారికేళం అన్నప్పుడల్లా నాకిప్పుడు ఇస్తాంబుల్ కాఫీ హోటలు గుర్తొస్తోంది, ఏం చేయను.

పాత్రతో పనిలేని పేర్లు నాకు రెండు రకాలే దొరికాయి. ఇరాన్ వాళ్ల గల్యాన్, అరబీలో మరగడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. రెండోది గుడగుడ, మన పాతవాళ్ల గుడిగుడి, ఇంగ్లీషువాళ్ల హబుల్‌బబుల్. ఇవి చెవితో పెట్టిన పేర్లు. ఇక మీరడిగినవాటికి జవాబులు.

— హుక్కాని అక్బర్ దగ్గరి హకీము కనిపెట్టాడని చదివాను, నిజమేనా?

హకీమ్ అబుల్ ఫతహ్ గీలానీ గురించే కదా మీరంటున్నది. అందరూ రాసే కథే గానీ తేదీలు కుదరవండీ. ఆయన 1589లో పోయారు. అక్బర్ కొలువులోని అసద్ బేగ్ బీజాపూర్ నుంచి పొగాకు తెచ్చి, బాగా అలంకరించిన గొట్టంతో సహా అక్బర్ ముందు పెట్టింది 1604 ప్రాంతంలో. పాదుషా ఒకటి రెండు దమ్ములు లాగాడు, వైద్యులు వద్దన్నారు. అంటే పొగాకు ఆగ్రాకి ఎక్కింది మన దక్కను నుంచే. తర్వాత జహంగీర్ 1617లో పొగాకుని నిషేధించాడు, ఎవరు విన్నారు గనక. అటు 1535లో పోయిన ఫార్సీ కవి అహ్లీ షీరాజీ పేరు మీద ఉన్న ఒక రుబాయీలో (నాలుగు పాదాల పద్యంలో) గల్యాన్ మాట కనిపిస్తుంది. దాన్ని చూపించి ఇరాన్ వాళ్లు మాదే ముందు అంటారు. నారికేళం మాట మనది కాబట్టి నేను మనవైపే మొగ్గుతాను, అది పక్షపాతమే అనుకోండి.

— మా శ్రీకాకుళం వైపు గుడాకు పళ్లకి రుద్దుతారు. దానికీ హుక్కాకీ సంబంధం ఉందా?

ఉంది. గుడం అంటే బెల్లం, దానికి తమాకు కలిస్తే గుడాకు. మొదట హుక్కా చిలుములో వేసే బెల్లప్పాకం పొగాకు పేరది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, మీ వైపూ అది నిప్పు మీద నుంచి పళ్ల మీదకి వచ్చింది. అరబ్బులు ఇప్పుడు షీషాలో వాడే పాకం పొగాకు, మొఅస్సల్ కూడా ఇలాంటి పేరే, అసల్ అంటే తేనె, కాబట్టి తేనె పట్టించినది. మనం బెల్లం, వాళ్లు తేనె.

— చిలుము అంటే ఇత్తడి చెంబుకి పట్టేది కదా?

అది వేరే మాట, అచ్చ తెలుగు. హుక్కా చిలుము హిందీ చిలమ్. రెండు దారుల్లో వచ్చి తెలుగులో ఒకే రూపంలో కలిశాయి.

— మరి తెలుగు ఊళ్లలో హుక్కా ఎందుకు పాతుకోలేదు?

చుట్ట ఉండగా దాని అవసరమేముంది! హుక్కాకి నీళ్లు మార్చాలి, నిప్పు చూడాలి, కూర్చోవాలి. చుట్ట నోట్లో పెట్టుకుని మడక దున్నచ్చు, ఉత్తరాంధ్ర ఆడవాళ్లయితే నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగే వేశారు. నవాబుల ఇళ్లలో మాత్రం బాగా సాగింది. బీదరులో జస్తా (జింకు), రాగి కలిపి పోతపోసి, వెండి పొదిగి, కోట మట్టితో నలుపు తేల్చి చేసిన హుక్కా అడుగుబుడ్లు సాలార్‌జంగ్ మ్యూజియంలో చూడండి, బీదరు 1956 దాకా మన హైదరాబాదు రాష్ట్రంలోదే. ఇప్పటి హుక్కా సెంటర్లది వేరే కథ, తెలంగాణలో 2024లో చట్టం తెచ్చి మూయించారు. నీళ్లలోంచి వస్తే పొగలో విషం పోతుందనేది ఉత్త భ్రమ, అది కూడా చెప్పేస్తున్నా.

— హుక్కా పానీ బంద్‌ని తెలుగులో ఎలా రాయాలి? అనువాదంలో తగిలింది.

హర్యానా, రాజస్థాన్ ఊళ్లలో పెద్దలు గుంపుగా కూర్చుని ఒకే హుక్కా చేతులు మారుస్తూ తాగుతారు. ఆ వరసలోంచి ఒకణ్ణి తీసేస్తే ఊళ్లోంచి తీసేసినట్టే. వెలివేశారు అని రాయండి, సరిపోతుంది. మక్కీకి మక్కీ దించి "పంచాయతీ అతనికి హుక్కా ఆపేసింది" అన్నారనుకోండి, మా మేనకోడలైతే చదివి "మంచి పనే చేశారుగా" అంటుంది.