పొసగని రకాల మధ్య ఇంటర్‌స్టెమ్ వేస్తే అంటు నిజంగా నిలుస్తుందా?

ఎంవీపీ మేడతోట: మేడ మీద డ్రమ్ములో యురేకా నిమ్మ పెట్టాలని ఉంది. పొట్టిగా ఉండాలంటే ట్రైఫోలియేట్ అనే నారింజ జాతి వేరు మీద కట్టాలని విని ఒకాయన్ని అడిగాను. ఆ రెండూ పొసగవమ్మా, మధ్యలో బత్తాయి ముక్క వేసి కడతాను, రేటు మాత్రం డబుల్ అన్నాడు. ఈ మధ్య ముక్కనే ఇంటర్‌స్టెమ్ అంటారట. కింద ఒక జాతి, నడుమ ఒకటి, పైన ఇంకోటి. ఇది నిలబడుతుందా, నాలుగు కాయలు కాసి చచ్చిపోతుందా?

పెందుర్తి నర్సరీ: నిలబడుతుందండీ. చలి దేశాల్లో పియర్‌ని క్విన్స్ అనే ఇంకో పండు జాతి వేరు మీద పెంచుతారు, చెట్టు పొట్టిగా ఉండి తొందరగా కాపుకొస్తుందని. కానీ బార్ట్‌లెట్ అనే పియర్ రకానికి క్విన్స్ పడదు. అందుకని రెండింటితోనూ పొసిగే బ్యూరే హార్డీయో, ఓల్డ్ హోమో, ఏదో ఒక పియర్ రకం ముక్క మధ్యలో వేసి కడతారు. యురేకాకీ ట్రైఫోలియేట్‌కీ మధ్య బత్తాయి జాతి వేయడం కూడా అదే పద్ధతి. డబుల్ రేటు ఎందుకంటే పని కూడా డబులే.

గాజువాక కుర్రాడు: ఫాలో అవుతున్నా. మామిడికి కూడా వేస్తారా?

భీమిలి గాలి: మామిడి మీద మామిడి మామూలుగానే అతుకుతుంది బాబూ. సువర్ణరేఖ చెట్టుకి బంగినపల్లి కొమ్మ కట్టుకోవాలంటే మధ్యలో ఏ ముక్కా అక్కర్లేదు.

సబ్బవరం రైతు: పియర్లూ గియర్లూ మనకెందుకు సార్, సపోటా సంగతి చెప్పండి. పాల అనే చెట్టు జాతి మొక్క మీద కట్టిన అంట్లని నాకు అమ్మారు. ఏపుగా పెరిగాయి, కాశాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఊళ్ళో అందరి చెట్లూ వేళ్ళతో సహా పడిపోతే నావి మాత్రం అంటు దగ్గర విరిగాయి. చెయ్యి పెట్టి తడిమితే రంపంతో కోసినంత నున్నగా ఉంది, ఒక్క పీచు లేదు. ఒక్క అతుకుకే ఈ గతి పడితే మీరు రెండు అతుకులు పెడతామంటున్నారు.

భీమిలి గాలి: ఒక్క పీచు కూడా లేకుండా విరిగిందంటే ఆ రెండు జాతులూ లోపల కలవనే లేదన్నమాట. బెరడు కలిసినట్టు కనబడుతుంది, రసమూ పారుతుంది, ఏళ్ళ తరబడి కాస్తుంది కూడా, కానీ చెక్కలో చెక్క అల్లుకోదు. బాగా కలిసిన అంటు విరిగితే పీచులు పీచులుగా చీలుతుంది. మీ సపోటా కింద ఉన్న వేరు పాల కాకపోయి ఉండొచ్చు. దానికీ ఇంటర్‌స్టెమ్‌కీ ఏం సంబంధం?

రిటైర్డ్ మాస్టారు: అసలు ప్రశ్న ఎవరూ అడగడం లేదు. ముక్క పొడుగెంత? ఆపిల్‌లో ఎంఎం111 అనే రకం వేరు మీద, చెట్టుని పొట్టి చేసే ఎం9 అనే రకం ముక్క వేసేటప్పుడు 15, 20 సెంటీమీటర్లు ఉంచుతారు. అంతకు తగ్గితే డబ్బు దండగ.

పెందుర్తి నర్సరీ: అక్కర్లేదు మాస్టారూ. పియర్‌కైతే కన్ను కూడా లేని పలచటి చెక్కు ఒకటి మధ్యలో పెట్టి, దాని మీద అసలు కన్ను కట్టేస్తారు.

రిటైర్డ్ మాస్టారు: పలచటి చెక్కుతో చెట్టు పొట్టిదవుతుందా? నేను చదివింది ఒకటి, మీరు చెప్పేది ఒకటి.

భీమిలి గాలి: మాస్టారూ, మీరు చెప్పేది చెట్టుని పొట్టి చెయ్యడానికి వేసే ముక్క. దానికి పొడుగు కావాలి, పొడుగు పెరిగేకొద్దీ చెట్టు ఇంకా పొట్టిదవుతుంది. ఆయన చెప్పేది పొసగని రెండింటిని కలపడానికి వేసేది, దానికి పలచటి పొర చాలు. పైగా అదీ అన్ని జతలకీ పనికిరాదు. హేల్స్ ఎర్లీ అనే పీచ్ పండు రకాన్ని మైరోబలాన్ బి ప్లమ్ వేరు మీద కడితే పాడవుతుంది. రెండింటికీ పడే బ్రాంప్టన్ ప్లమ్ ముక్క మధ్యలో వేసినా పాడవుతుంది. అక్కడ తేడా అతుకు దగ్గర ఆగదు, మధ్య ముక్కని దాటుకుని పోతుంది. కాబట్టి మధ్యలో ఏదో ఒకటి వేశాం కదా అని ధీమాగా ఉండడానికి లేదు.

రిటైర్డ్ మాస్టారు: పొడుగు సంగతి తేలలేదు.

సబ్బవరం రైతు: సైన్సు బాగుంది. పెందుర్తి గారూ, మీరు అమ్మే సపోటా కింద ఏ వేరుందో చీటీ మీద రాస్తారా?

పెందుర్తి నర్సరీ: మీకు అమ్మింది నేను కాదు, నా మీద పడతారేంటి? పాల గింజ వేస్తే అంటుకి పనికొచ్చే లావు రావడానికి రెండేళ్ళు పడుతుంది. అన్నాళ్ళు నీళ్ళు, కూలీ పెట్టి పెంచి రేటు చెబితే, పక్కన సగానికే ఇస్తున్నారని వెళ్ళిపోతారు. చవక మొక్క కావాలన్నది మీరే, ఇప్పుడు ఏడ్చేదీ మీరే.

సబ్బవరం రైతు: నోరు జాగ్రత్త. నేను బేరమాడలేదు, అడిగినంత ఇచ్చాను. ఇది పాల కాదు, తొందరగా పెరిగే ఇంకో వేరు అని ఒక్క ముక్క చెప్పి ఉంటే కొనాలో మానాలో నేనే చూసుకునేవాణ్ణి. మొక్క బండెక్కగానే మీ డబ్బు మీకొచ్చేస్తుంది. అతుకు మంచిదో కాదో తేలేది ఏళ్ళు గడిచాక, నా పొలంలో. అప్పుడు ఫోన్ చేస్తే ఎత్తేవాడుండడు. మీ ఇంటర్‌స్టెమ్మూ ఇంతే. పైన బెరడు మూసుకున్నాక లోపల బత్తాయి ముక్క ఉందో లేదో ఆ మేడమ్‌కి ఎలా తెలుస్తుంది?

ఎంవీపీ మేడతోట: నాకూ అదే టెన్షన్ పట్టుకుంది ఇప్పుడు.

భీమిలి గాలి: మేడమ్, ట్రైఫోలియేట్ అసలు చలి ప్రాంతాల వేరు, చలికాలంలో ఆకు రాల్చే జాతి. సున్నం, ఉప్పు ఉన్న నీళ్ళు దానికి పడవు. మీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే దాని జోలికి పోకండి. జంబేరి అనే నిమ్మ జాతి వేరు మీద యురేకా నేరుగా అతుకుతుంది. చెట్టు పెద్దదవుతుంది గానీ డ్రమ్ములో ఎలాగూ వేరు పరుచుకోదు, ఏటా కత్తిరించుకుంటే సరి.

పెందుర్తి నర్సరీ: జంబేరి మీదది నా దగ్గరే ఉంది, మామూలు రేటే. ఇంటర్‌స్టెమ్‌దే కావాలంటే మూడు పేర్లూ చీటీ మీద రాసిస్తాను. కానీ పదేళ్ళు హామీ ఇమ్మంటే నా వల్ల కాదు.

సబ్బవరం రైతు: హామీ ఎవడడిగాడు సార్, పేరు అడిగాం.

రిటైర్డ్ మాస్టారు: ముక్క పొడుగు కూడా రాయమనండి.