బజ్జీల బండి దగ్గర పిల్లలు కనబడట్లేదు, ఎందుకు?

ప్రశ్న: మా బెజవాడలో 1990ల్లో ట్యూషన్ అయ్యాక పునుగులు, మిరపకాయ బజ్జీ, చేతిలో డబ్బులుంటే ఎగ్ పఫ్, అంతే. ఇప్పుడు పదో తరగతి చదివే మా అమ్మాయి షవర్మా, మోమోలు, కొరియన్ నూడుల్స్ తప్ప ఇంకేమీ అడగదు. మీ ఇళ్లలోనూ ఇంతేనా?

జవాబు: ఇంతేనండి. మనమూ మారినవాళ్లమే కదా, 1983లో మ్యాగీ వచ్చిన కొత్తలో మా అమ్మ దాన్ని తిండిగానే ఒప్పుకోలేదు.

జవాబు: నాకు 17. కొరియన్ సీరియళ్లు చూసి మొదలుపెట్టాం, ఆ కారం నచ్చేసింది. బజ్జీలూ ఇష్టమే అండీ, కానీ బండి దగ్గర ఫ్రెండ్స్ అందరం కూర్చోడానికి చోటుండదు.

జవాబు: రుచి సరే, షవర్మా, మోమోలతో ఇచ్చే మయోనైజ్‌తో జాగ్రత్త. పచ్చి గుడ్డుతో చేసింది బయట నిలవుంటే సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా పెరుగుతుంది, తెలంగాణలో 2024 అక్టోబరు చివర్లో ఏడాదిపాటు నిషేధించారు కూడా. మా వాడికి గట్టి పెరుగుతో చేసిపెడుతున్నా, తింటున్నాడు.