టాంపాలో ఆన్‌లైన్ బడి, తిరుపతిలో వినే అవ్వ

టాంపా (సొంతూరు తిరుపతి, బైరాగిపట్టెడ):

అక్కలకూ అన్నలకూ నమస్కారం. మేం ఈ మధ్యే వచ్చాం. మా ఆయన ప్రాజెక్టు ఇక్కడ ఎన్నాళ్లుంటుందో తెలియక బాబును ఫ్లోరిడా వర్చువల్ స్కూల్‌లో ఆరో తరగతిలో వేశాం. పొద్దున లాప్‌టాప్ తెరిచేసరికే వాడి మొహం వాడిపోతుంది. తిరుపతిలో ఆటో నిండా పిల్లలతో అల్లరి చేసుకుంటూ బడికి పోయేవాడు. నేను పక్కన కూర్చుంటే ‘కాపలా కాస్తున్నావా’ అంటాడు. ఇది అసలు బడేనా అని మా మామయ్య రోజూ ఫోన్‌లో అడుగుతున్నారు. వాడికి చదువు మీద హుషారు రావాలంటే ఏం చేయాలి?

ఓర్లాండో (సొంతూరు చిత్తూరు):

చెల్లీ, ముందు మీ మామయ్యగారికి ధైర్యం చెప్పు. ఇది ప్రభుత్వ బడే. 1997లో మొదలైంది. ఫ్లోరిడాలో ఉండే పిల్లలకు ఫీజు లేదు.

బాబు దిగులుకు కారణం పాఠాలు కాదనిపిస్తోంది. ఆటోలో పోతూ ‘ఒరే, ఇది తెలుసా’ అని ఎవరికో ఒకరికి చెప్పుకునేవాడు కదా, ఇప్పుడు ఆ వినేవాళ్లు లేరు. యాప్‌లు, స్టిక్కర్లు, బహుమతులు కొన్నాళ్లు పనిచేస్తాయి, తర్వాత వాటి మీదా మోజు పోతుంది. వాడికి వినే మనిషిని చూపించు. ఆ పనికి తిరుపతిలో ఉన్న అవ్వను మించినవాళ్లు లేరు.

ఇక్కడ పొద్దున ఎనిమిదిన్నర అయితే అక్కడ సాయంత్రం ఆరు, దీపం పెట్టి కూర్చునే వేళ. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. అప్పటి నుంచి అక్కడ ఏడవుతుంది. ముందే చెప్పిపెట్టు, లేకపోతే పాపం ఆవిడ ఫోన్ పట్టుకుని కాచుకుంటారు. నిన్న చదివింది పది నిమిషాలు అవ్వకు తెలుగులో చెప్పాలి, అంతే. ఆవిడ పరీక్ష పెట్టకూడదు, తప్పులు దిద్దకూడదు. ‘ఎందుకట్లా?’ అని అడిగితే చాలు.

ఆరో తరగతి సైన్స్‌లో రాళ్లు ఎట్లా అరిగిపోతాయో వస్తుంది. మా పాప బీచ్‌లో ఏరుకొచ్చిన గవ్వను గాజు గ్లాసులో వేసి వెనిగర్ పోసింది. గవ్వ చుట్టూ సన్న బుడగలు పట్టి, ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి. చిత్తూరులో మా అమ్మ ఫోన్‌ను మొహానికి దగ్గరగా పెట్టుకుని ‘పొయ్యి మీద పెట్టకుండానే బుడగలెట్లా వచ్చాయే?’ అంది. ఆ జవాబు కోసం పాప తనంతట తానే పాఠం మళ్లీ తెరిచింది. గవ్వ తయారైంది సున్నపు పదార్థంతో. వెనిగర్‌లోని ఆమ్లం దాన్ని కరిగిస్తుంటే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. ఫ్లోరిడా నేల కింద ఉండేదీ సున్నపురాయే. వాననీటిలో ఉండే కొద్దిపాటి ఆమ్లానికి అది లోపల్లోపలే కరిగి, కొన్నిచోట్ల పైనున్న నేల గుంతలా కుంగిపోతుంది.

అది విని అమ్మ ‘అయితే మన కొండ కూడా కరిగిపోతుందా?’ అని అడిగింది. నాకు ఇప్పటికీ ఇష్టమైన ప్రశ్న అది. తిరుమల కొండ పైభాగంలో ఉండేది క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, వెనిగర్ పోసినా అట్లా పొంగదు. అయినా గాలీ నీరూ దాన్ని కూడా మెల్లగా అరగదీస్తాయి. శిలాతోరణం అట్లా ఏర్పడిందే. మా తమ్ముడు కొండకు పోయినప్పుడు అక్కడ వీడియో తీసి పంపాడు. పాప దాన్ని ఆపి ఆపి చూసింది.

ఇంకో లాభం ఉంది. ఈ బడిలో కొంత పాఠం పూర్తయ్యాక టీచర్ కాల్‌లో మాట్లాడి, నేర్చుకున్నది పిల్లల నోటితోనే చెప్పిస్తారు. అవ్వకు రోజూ చెప్పి అలవాటైన పిల్లలకు ఆ కాల్ అంటే టెన్షన్ ఉండదు. తెలుగులో చెప్తే ఇంగ్లిష్ రాదేమోనని భయపడకు. విషయం తెలిసినవాడికి మాటలు దొరుకుతాయి.

జాక్సన్‌విల్ (సొంతూరు పలమనేరు):

అక్క చెప్పింది బాగుంది, కానీ అవ్వ ఒక్కరే సరిపోరమ్మా. వాడి ఈడు పిల్లలు కావాలి. ఫుల్‌టైమ్ వర్చువల్ స్కూల్ పిల్లలు కూడా మీ చిరునామాకు కేటాయించిన ప్రభుత్వ బడిలో ఆటల టీమ్‌లో చేరడానికి ఫ్లోరిడాలో వీలుంది. ఆ బడి ఆఫీసుకు ఫోన్ చేసి, ఏ ఆటకు ఎప్పుడు పేరివ్వాలో కనుక్కోండి. ఇంటి అగ్రిమెంట్ చూపించి లైబ్రరీ కార్డు కూడా తీసుకోండి, సాయంత్రాలు పిల్లలకు అక్కడ ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది. మధ్యాహ్నం అన్నం మాత్రం లాప్‌టాప్ ముందు పెట్టొద్దు.

టాంపా:

అన్నా, ఇవాళే ఫోన్ చేస్తాను. అక్కా, ఒక్క ఇబ్బంది. మా అత్తమ్మకు ఫోన్‌లో మాట సరిగ్గా వినపడదు. మధ్యలో విసుగొచ్చి పెట్టేస్తుందేమో.

ఓర్లాండో:

అయితే చూపించమను చెల్లీ. లావు స్కెచ్ పెన్‌తో కాగితం మీద బొమ్మ గీసి, కెమెరా ముందు పట్టుకుని చెప్పాలి. ఆరో తరగతి లెక్కల్లో నిష్పత్తులు వస్తాయి కదా, అది మీ అత్తమ్మే అడగొచ్చు. దోసెకు నాలుగు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు మినప్పప్పు పోస్తారనుకో. ఆరు గ్లాసుల బియ్యానికి పప్పు ఎంత? వాడు గ్లాసుతో కొలిచి చూపిస్తే ఆవిడకు ఒక్క మాట వినపడకపోయినా లెక్క తెలిసిపోతుంది. ఆ రాత్రికే నానబెట్టు, ఎల్లుండి వాడు కొలిచిన పిండితోనే దోసెలు పొయ్యి.