పాతకాలపు తీరు ఆర్చ్‌టాప్ అకూస్టిక్ గిటార్: కొనేముందు ఏమి చూడాలి?

ప్రశ్న

చాలా ఏళ్లుగా చదును పలక ఉన్న అకూస్టిక్ గిటారే వాయిస్తున్నాను. ఇటీవల అమెరికన్ జాజ్ సంగీతకారుడు కౌంట్ బేసీ బృందపు రికార్డింగులు వింటూ, 1937లో ఆ బృందంలో చేరి దాదాపు యాభై ఏళ్లు లయను మోసిన గిటారిస్ట్ ఫ్రెడ్డీ గ్రీన్ వాయింపుకు పూర్తిగా లొంగిపోయాను. ఆయన వాయించినలాంటి ఆర్చ్‌టాప్ (పైపలక వయొలిన్‌లా వంపు తిరిగిన గిటార్) ఒకటి కొనాలని ఉంది. ఇప్పుడు వస్తున్నవాటిలో చాలావాటికి రంగు, ఎఫ్ రంధ్రాలు (పైపలకలో f ఆకారంలో ఉండేవి), టెయిల్‌పీస్ (తీగల చివరలను పట్టి ఉంచే భాగం) అన్నీ పాతవాటిలాగే కనిపిస్తున్నాయి కానీ, ధ్వని కూడా అలాగే ఉంటుందో లేదో ఫొటోలు చూస్తే తెలియడం లేదు. అనుభవమున్నవారు చెప్పగలరా?

మొదటి సమాధానం

అన్నిటికంటే ముందు పైపలకను ఎలా తయారుచేశారో తెలుసుకోండి. ఆర్విల్ గిబ్సన్ 1890లలో అమెరికాలోని కలమజూ పట్టణంలో, వయొలిన్ పలకలాగా వంపు వచ్చేటట్లు చెక్కను చెక్కి గిటార్లు చేశారు. 1922లో గిబ్సన్ సంస్థలో రూపకర్త లాయిడ్ లోర్ హయాంలో వచ్చిన ఎల్-5 మోడల్, గుండ్రని రంధ్రం స్థానంలో ఎఫ్ రంధ్రాలతో, తర్వాతి తయారీదారులందరికీ ఒరవడి అయింది. ఇందులో తీగలు టెయిల్‌పీస్‌కు కట్టి ఉంటాయి కాబట్టి, అవి బ్రిడ్జ్‌ను (పలకమీద తీగలను ఎత్తి నిలిపే ముక్కను) లాగవు, కిందికి అదుముతాయి. అందువల్ల మీటగానే నాదం ఒక్కసారిగా ముందుకు వచ్చి, అంతే త్వరగా అణగిపోతుంది. ఒంటరిగా వాయించేటప్పుడు అది కొందరికి పొడిగా తోచవచ్చు. కానీ డ్రమ్ములు, ట్రంపెట్ల మధ్య ఒక్కొక్క కార్డ్ (కలిపి మోగించే స్వరాలు) విడిగా తెలిసేది ఆ పొడితనం వల్లనే, నాకు ప్రాణమైనదీ అదే.

రెండవ సమాధానం

పై మాటతో ఏకీభవిస్తూ, దొరకడం గురించి చెబుతాను. న్యూయార్క్‌లో 1932 నుంచి 1964 వరకు పనిచేసిన జాన్ డాంజెలికో చేసిన గిటార్లు సుమారు 1,164 మాత్రమే, వాటిమీద ఆశ పెట్టుకోనవసరం లేదు. షికాగోలో హార్మొనీ, కే సంస్థలు పెద్ద సంఖ్యలో చేసినవి ఇప్పటికీ దొరుకుతాయి. అయితే వాటిలో చాలావాటి పలక చెక్కినది కాదు, అచ్చులో ఒత్తినది. పైగా మెడ వంగి ఉంటే బాగుచేయించే ఖర్చు గిటార్ ధరను మించిపోవచ్చు. కొత్తవాటిలో ఈస్ట్‌మన్ సంస్థ ఏఆర్-805, ది లోర్ సంస్థ ఎల్‌హెచ్-600 నిజంగా చెక్కిన స్ప్రూస్ చెక్క పలకతో వచ్చినవి. గోడిన్ సంస్థ ఫిఫ్త్ అవెన్యూ మోడల్ చెర్రీ చెక్క పొరలను అతికించి మలచినది, తేలికగా, హాయిగా ఉంటుంది కానీ ఆ పాత నాదం దానిలో వెతకవద్దు. ఎఫ్ రంధ్రం అంచును లైటు వేసి చూడండి: పొరలు అతికించినదైతే బిస్కట్ దొంతరలా అడ్డగీతలు కనిపిస్తాయి.

మూడవ సమాధానం

ఒక జాగ్రత్త. బ్రిడ్జ్ పలకకు అతికించి ఉండదు. నేను మొదటిసారి తీగలన్నీ ఒకేసారి విప్పేయగా అది జారిపోయి, తిరిగి ఎక్కడ పెట్టాలో తెలియక ఒక సాయంత్రమంతా అపశ్రుతితో పెనుగులాడాను. మెడమీది పన్నెండవ ఫ్రెట్ (అడ్డంగా ఉండే లోహపు గీత) వద్ద హార్మోనిక్‌ను (తీగను నొక్కకుండా తేలికగా తాకి మీటిన స్వరాన్ని), అదే ఫ్రెట్ నొక్కి మీటిన స్వరాన్ని పోల్చండి. నొక్కిన స్వరం హెచ్చుగా పలికితే బ్రిడ్జ్‌ను టెయిల్‌పీస్ వైపు వెంట్రుకవాసి జరపాలి. అప్పటి నుంచి తీగలను ఒక్కొక్కటిగానే మారుస్తున్నాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నేను చూడబోయే గిటార్‌లో ఎఫ్ రంధ్రాల అంచు చుట్టూ తెల్లని బైండింగ్ (అంచును కప్పే పట్టీ) ఉంది. అప్పుడు పొరలను గుర్తించడం ఎలా?

రెండవ సమాధానం రాసినవారు

చిన్న అద్దం లోపలికి పంపి పలక అడుగుభాగం చూడండి. పైన కనిపించే చెక్క గీతలు, ఏదైనా ముడి ఉంటే అది కూడా, సరిగ్గా అదే చోట లోపల కనిపిస్తే అది ఒకే చెక్క.