సీ-డాక్ పీజీ డాక్: సీ-క్యాట్‌లో తెలియని ప్రశ్నలు వదిలేయాలా?

గోదారిగట్టు:
మెకానికల్ బీటెక్. సీ-డాక్ వాళ్ల సాఫ్ట్‌వేర్ డిప్లొమా పీజీ డాక్ మాత్రమే కావాలి. దాని ఎంట్రన్స్ సీ-క్యాట్‌లో సెక్షన్ సీ రాయాలా? నెగెటివ్ మార్కులున్నాయి కదా, తెలియనివి వదిలేయాలా? 8 జీబీ ల్యాప్‌టాప్ చాలా? ఇది ఎంసీఏతో సమానమేనా?

పాయింటర్‌బాబాయ్:
రైటుకి 3, తప్పుకి మైనస్ 1. తెలియకపోతే ముట్టుకోవద్దు. ప్రోగ్రామింగ్ ఉండే సెక్షన్ బీలో ర్యాంకు పోయేది అక్కడే.

సున్నాఇండెక్స్:
లెక్క వేసి చెప్పండి. నాలుగు ఆప్షన్లు. గుడ్డిగా నాలుగు పెడితే సగటున ఒకటి రైటు, మూడు తప్పు. 3 వచ్చి 3 పోయింది, సున్నా. ఒక్క ఆప్షన్ కొట్టేయగలిగితే మూడు ప్రశ్నలకి 1 మార్కు మిగులుతుంది. రెండు కొట్టేస్తే రెండు ప్రశ్నలకి 2. వదిలేయమంటే చేతికొచ్చిన మార్కులు పారేయమన్నట్టే.

పాయింటర్‌బాబాయ్:
సగటు కాగితం మీద బాగానే ఉంటుంది, పరీక్ష రాసేది ఒక్కసారి. పైగా సీ లాంగ్వేజ్ ఔట్‌పుట్ ప్రశ్నల్లో కొట్టేసేది రైటు ఆన్సర్‌నే. 10 ఇంట్ల (ఒక్కోటి 4 బైట్లు) అర్రేని ఫంక్షన్‌కి పంపి లోపల సైజాఫ్, అంటే ఎన్ని బైట్లో అడుగుతాడు. అందరూ 40 పెడతారు. లోపలికి వెళ్లింది పాయింటర్ (అర్రే అడ్రస్ మాత్రమే), 64 బిట్ మెషీన్‌లో 8.

సున్నాఇండెక్స్:
అది గెస్ చేయడం కాదు, కాన్సెప్ట్ రాకపోవడం. రెండూ కలిపి పిల్లల్ని భయపెట్టకండి.

పాయింటర్‌బాబాయ్:
భయపెట్టేది ఎవరు? 50 ప్రశ్నలకి గంటే టైము. ఆప్షన్లు కొట్టేస్తూ కూర్చుంటే లింక్డ్ లిస్ట్ ప్రశ్నలు చేసేదెప్పుడు?

ఫ్లిప్‌ఫ్లాప్:
సెక్షన్ సీ సంగతి ఎవరికీ పట్టలేదు. డాక్‌కి ఏ, బీ చాలు. సెక్షన్ సీ ఎంబెడెడ్, వీఎల్‌ఎస్‌ఐ లాంటి హార్డ్‌వేర్, చిప్ కోర్సులకి. అవి వద్దనుకుంటే మైక్రోప్రాసెసర్ మీద పెట్టే టైము డేటా స్ట్రక్చర్స్‌కి ఇవ్వు తమ్ముడూ.

స్టాక్‌ట్రేస్:
ఎంట్రన్స్ గొడవ తర్వాత. కోర్సు ఆరు నెలల్లో 900 గంటలు, జావా, డేటాబేస్, వెబ్, డాట్ నెట్ అన్నీ అందులోనే. చివర్లో ప్రాజెక్టు దగ్గర టీములు ఆగిపోతాయి. స్క్రీన్ వైపు రియాక్ట్ 3000 పోర్టులో, సర్వర్ వైపు స్ప్రింగ్ బూట్ 8080లో. రిక్వెస్టులు టెస్ట్ చేసే పోస్ట్‌మ్యాన్‌లో బాగుంటుంది, బ్రౌజర్‌లో కార్స్ ఎర్రర్, అంటే వేరే పోర్టు నుంచి వచ్చిన జవాబుని బ్రౌజర్ ఆపేస్తుంది. రిక్వెస్టులు అందుకునే కంట్రోలర్ మీద క్రాస్ ఆరిజిన్ అనే అనుమతి పెడితే సరిపోతుంది.

టోకెన్‌రాణి:
సరిపోదండీ. లాగిన్ చూసే స్ప్రింగ్ సెక్యూరిటీ ఉంటే, బ్రౌజర్ ముందు అనుమతి అడిగే ఆప్షన్స్ అనే రిక్వెస్ట్ పంపుతుంది, అందులో లాగిన్ టోకెన్ ఉండదు. సెక్యూరిటీ ఫిల్టర్ దాన్ని 401తో (లాగిన్ కాలేదని) తిప్పికొడుతుంది, మీ కంట్రోలర్ దాకా రానే రాదు. సెక్యూరిటీ ఫిల్టర్ చైన్‌లోనే కార్స్ ఆన్ చేసి, 3000 పోర్టు అడ్రస్‌ని ఆరిజిన్‌గా అక్కడ ఇవ్వాలి. సగం తెలిసి సలహా ఇస్తే వైవాకి ముందు రాత్రి ఒక టీము మునుగుతుంది.

స్టాక్‌ట్రేస్:
సెక్యూరిటీ లేని ప్రాజెక్టు గురించి చెప్పాను. అంత కోపం దేనికి?

టోకెన్‌రాణి:
లాగిన్ లేని ప్రాజెక్టు ఎవరు చేస్తున్నారు? అదీకాక కస్టమర్‌లో ఆర్డర్లు, ఆర్డర్‌లో కస్టమర్ పెట్టి డేటాబేస్ టేబుల్‌కి కట్టిన ఎంటిటీ క్లాసునే నేరుగా రిటర్న్ చేస్తారు. జవాబుని జేసన్‌గా మార్చేటప్పుడు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి తిరిగి తిరిగి స్టాక్ ఓవర్‌ఫ్లో. కావాల్సిన ఫీల్డులే పంపే విడి క్లాసు, డీటీఓ రాయండి.

గోదారిగట్టు:
ల్యాప్‌టాప్, ఎంసీఏ?

ఫ్లిప్‌ఫ్లాప్:
ఇంటెల్లిజే, మైఎస్‌క్యూఎల్, నోడ్, క్రోమ్ ఒకేసారి తెరిస్తే 8 జీబీ నిండిపోతుంది. 16 ఉండాలి. ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేశారా, స్లాట్ ఉందా అని కొనేముందే చూసుకో. ఇది డిప్లొమా, డిగ్రీ కాదు. ఎంసీఏ తప్పనిసరన్న నోటిఫికేషన్‌కి ఇది పెట్టి అప్లై చేయొద్దు.

సున్నాఇండెక్స్:
బాబాయ్, ఒక్క ఆప్షన్ కొట్టేస్తే నష్టమెలాగో ఇంకా చెప్పలేదు మీరు.