32-బిట్ నెట్‌బుక్‌లో లిలీపాండ్ 2.24: సోర్స్ నుంచి కంపైల్ చేయక తప్పదా?

నల్లగొండ_క్లారినెట్:

అందరికీ నమస్తే. నల్లగొండ ప్రకాశం బజార్ దగ్గర మాది చిన్న జిరాక్స్ షాపు. పెళ్లిళ్ల సీజన్‌లో బ్యాండులో క్లారినెట్ వాయిస్తాను. మా మాస్టారు పోలీసు బ్యాండులో చేసి రిటైరయ్యారు. అందుకని మా దగ్గర చెవిన పట్టుకుని వాయించడం కుదరదు, స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే స్వరాలు) చూసి వాయించాల్సిందే. ఆయన చేత్తో రాసుకున్న పుస్తకాలు చిరిగిపోతున్నాయని, హైదరాబాద్‌లో ఉండే వాళ్ల అల్లుడు ఒక్కొక్క పాటనూ లిలీపాండ్‌లో (స్వరాలను అక్షరాల్లో టైప్ చేస్తే నొటేషన్‌గా అచ్చు వేసే సాఫ్ట్‌వేర్) టైప్ చేసి పంపుతున్నారు. వాటిలోంచి ఎవరి పార్టు వాళ్లకు విడదీసి ప్రింట్ తీయడం నా పని.

షాపులో ఉన్నది పాత నెట్‌బుక్. ఇంటెల్ ఆటమ్ ఎన్270, 2 జీబీ ర్యామ్, డెబియన్ 11 లినక్స్, 32-బిట్. ఆప్ట్‌తో (డెబియన్‌లో ప్యాకేజీలు వేసే కమాండ్) వేస్తే లిలీపాండ్ 2.22 వచ్చింది. ఆయన పంపిన ఫైళ్లు దానికి ఇస్తే "ప్రోగ్రామ్ టూ ఓల్డ్" అని, 2.24.0 కావాలని చెప్పి ఆగిపోతోంది. సరే అని లిలీపాండ్ సైట్ నుంచి 2.24 లినక్స్ ప్యాకేజీ దించి విప్పితే "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్". ఇక సోర్స్ (ప్రోగ్రామ్ అసలు కోడ్) దించి, కంపైల్‌కు కావలసినవి ఉన్నాయో లేదో చూసే కన్ఫిగర్ నడిపాను. "ప్లీజ్ ఇన్‌స్టాల్ రిక్వయర్డ్ ప్రోగ్రామ్స్" అంటూ చాంతాడంత లిస్టు చూపించింది. గైల్, మెటాపోస్ట్, ఫాంట్‌ఫోర్జ్, టీ1ఏఎస్ఎం, ఇంకా ఏవేవో. పాటల కాగితం ప్రింట్ చేసే సాఫ్ట్‌వేర్‌కు ఫాంట్లు తయారుచేసే సామానంతా ఎందుకో అర్థం కాలేదు.

మూఢం అయిపోయేలోపు ఈ పని తేల్చుకోవాలి. ముహూర్తాలు మొదలైతే కూర్చునే తీరిక దొరకదు. దయచేసి కొత్త కంప్యూటర్ కొనమనకండి. షాపు ప్రింటర్ డ్రైవర్ ఆ నెట్‌బుక్ మీదే, ఆ 32-బిట్ డెబియన్ మీదే పనిచేస్తోంది. దాన్ని కదిలిస్తే షాపు ఆగుతుంది.

వనపర్తి_లినక్స్:

రెండు సులువైన దారులు ఉన్నాయన్నా. మొదటిది, ఫైలు పైన వెర్షన్ అని రాసి ఉండే లైన్లో 2.24.0 తీసేసి 2.22.0 పెట్టు. మామూలు ట్యూన్లయితే చాలావరకు నడుస్తాయి. రెండోది, డెబియన్ 12కు అప్‌గ్రేడ్ అవ్వు. అందులో 32-బిట్ ఇంకా ఉంది, ఆప్ట్‌తోనే లిలీపాండ్ 2.24 వస్తుంది. 13 జోలికి మాత్రం పోకు, 2025లో వచ్చిన ఆ వెర్షన్ నుంచి 32-బిట్ పీసీకి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేశారు.

ఇవేవీ కాకపోతే మ్యూజ్‌స్కోర్ అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్ చూడు. మౌస్‌తో సుఖంగా పని అయిపోతుంది.

నల్లగొండ_క్లారినెట్:

థాంక్స్ అన్నా. వెర్షన్ లైను మార్చి చూశాను. నేరుగా సాగే పాటలు బాగానే వచ్చాయి. మార్చ్‌లు మాత్రం రావడం లేదు. మార్చ్ అంటే సెన్యో, కోడా, ఫీనే (ఎక్కడికి తిరిగి వెళ్లాలో, ఎక్కడ ముగించాలో చెప్పే గుర్తులు) అన్నీ ఉంటాయి కదా. ఆయన వాటిని "రిపీట్ సెన్యో" అనే కమాండ్‌తో రాస్తున్నారు, 2.22కు అది తెలియదు. పాత పద్ధతిలో రాయండి అని పెద్దాయన అల్లుడిని అడగలేను, ఊరికే చేసిపెడుతున్నారు పాపం.

అప్‌గ్రేడ్ అంటే ప్రింటర్ డ్రైవర్ గురించి భయం. మ్యూజ్‌స్కోర్ 4కు 64-బిట్ కావాలట, పైగా అది లిలీపాండ్ ఫైళ్లు తెరవదు.

పాలమూరు_మేక్‌ఫైల్:

తమ్మీ, నీకు కంపైల్ చేయడానికి నిజంగా కారణం ఉంది. ఇక్కడికొచ్చే చాలామందికి ఉండదు. 64-బిట్ మెషీన్ పెట్టుకుని, సైట్‌లో ఉన్న ప్యాకేజీ విప్పితే అయిపోయే పనికి సోర్స్ దించుకుని తలనొప్పి తెచ్చుకుంటారు. నీ సంగతి వేరు. లిలీపాండ్ వాళ్లు 2.24కు లినక్స్ ప్యాకేజీ 64-బిట్‌కే ఇచ్చారు, మీ ఆటమ్‌కు 64-బిట్ రాదు. ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్ అంటే అదే. రిపీట్ సెన్యో, ఫీనే, సెక్షన్ కమాండ్లు 2.24తోనే వచ్చాయి కాబట్టి వెర్షన్ లైను మార్చి నెట్టుకురావడం కూడా కుదరదు.

ముందు నీ ఫాంట్ల ప్రశ్న. లిలీపాండ్‌లో స్వరాల తలలు, క్లెఫ్‌లు, రెస్టులు ఎవరో బొమ్మ గీసి పెట్టినవి కావు. ప్రతి ఆకారమూ మెటాఫాంట్ భాషలో రాసిన ప్రోగ్రామే. కంపైల్ అయ్యేటప్పుడు మెటాపోస్ట్ వాటిని గీస్తే ఫాంట్‌ఫోర్జ్ ఒకచోట చేర్చి ఎమ్మెంటాలర్ అనే ఫాంటు తయారుచేస్తుంది. అదీ ఒక్క సైజులో కాదు, 11 నుంచి 26 వరకు ఎనిమిది సైజులకు విడివిడిగా. చిన్న సైజులో గీతలు కాస్త మందంగా ఉండేలా గీస్తారు. క్లారినెట్‌కు తగిలించుకునే చిన్న కార్డు మీద పాట ప్రింట్ చేసినప్పుడు, పెట్రోమాక్స్ వెలుగులో నడుస్తూ కూడా స్వరం కనబడాలంటే ఈ శ్రద్ధే కావాలి. పెద్ద సైజు ఫాంటును కుదించి వాడే సాఫ్ట్‌వేర్‌తో ప్రింట్ తీసి పక్కన పెట్టి చూడు, నీకే తెలుస్తుంది. నేను లిలీపాండ్‌ను వదలకపోవడానికి సగం కారణం ఇదే.

ఇక పని సంగతి. నెట్‌బుక్ మీద మాత్రం కంపైల్ చేయొద్దు. 2 జీబీ ర్యామ్‌లో సీ ప్లస్ ప్లస్ ఫైళ్లు కంపైల్ అవుతుంటే మెమరీ చాలక "కిల్డ్ సిగ్నల్ టర్మినేటెడ్ ప్రోగ్రామ్ సీసీ1ప్లస్" అని మధ్యలో చచ్చిపోవచ్చు. అది కోడ్‌లో తప్పనుకుని జనం రాత్రంతా వెతుకుతారు. ఫ్రెండ్ దగ్గర 64-బిట్ లినక్స్ ఉన్న పీసీ ఏదైనా అడిగి తీసుకో. అందులో ఒక ఫోల్డర్లో 32-బిట్ డెబియన్ 11 పెట్టి అక్కడ కంపైల్ చేసి, తయారైన సరుకు పెన్‌డ్రైవ్‌లో నెట్‌బుక్‌కు తెచ్చుకో. 64-బిట్ ఇంటెల్ మీద 32-బిట్ ప్రోగ్రాములు హాయిగా నడుస్తాయి.

బస్సులో ఫోన్ మీద తెలుగు కీబోర్డుతో రాస్తున్నా, కమాండ్లు కూడా తెలుగులోనే పడుతున్నాయి. టెర్మినల్లో ఇంగ్లీషులో కొట్టుకో.

డీబూట్‌స్ట్రాప్ అనే ప్యాకేజీ వేసి, ఆర్కిటెక్చర్ ఐ386 అని, రిలీజ్ బుల్స్‌ఐ అని చెబితే ఫోల్డర్లో చిన్న డెబియన్ తయారవుతుంది. ప్రాక్, డెవ్ రెండూ అందులోకి మౌంట్ చేసి క్రూట్‌తో (ఆ ఫోల్డర్‌నే పూర్తి సిస్టమ్‌లా చూపించే కమాండ్) లోపలికి వెళ్లు. ఒక్క జాగ్రత్త: క్రూట్ ముందు లినక్స్32 అనే కమాండ్ తగిలించు. అది లేకపోతే లోపల యూనేమ్ అడిగినప్పుడు కెర్నెల్ ఎక్స్86-64 అనే చెబుతుంది. కన్ఫిగర్ దాన్ని నమ్మి 64-బిట్ మెషీన్ అనుకుంటుంది. ఆ తర్వాత వచ్చే ఎర్రర్లకు తలా తోకా ఉండదు.

లోపలికి వెళ్లాక సోర్సెస్ లిస్టులో డెబ్-ఎస్ఆర్‌సీ లైను చేర్చి, ఆప్ట్ అప్‌డేట్ చేసి, "ఆప్ట్ బిల్డ్-డెప్ లిలీపాండ్" కొట్టు. నీకు కనబడిన లిస్టులో చాలా భాగం ఆ ఒక్క కమాండ్‌తో పోతుంది. అది పాత 2.22కు కావలసినవి తెస్తుంది కాబట్టి గైల్ (లిలీపాండ్ లోపలి స్కీమ్ భాషను నడిపే ప్రోగ్రామ్) 2.2 డెవ్ ప్యాకేజీని విడిగా కూడా అడుగు, ముందే ఉంటే ఉందని చెబుతుంది, నష్టం లేదు. లిలీపాండ్ ఏళ్ల తరబడి గైల్ 1.8నే పట్టుకుని ఉండి, 2.24తో 2.2కు మారింది. ఇంకా ఏదైనా మిగిలితే కన్ఫిగరే పేరు చెబుతుంది. పేరు చివర డెవెల్ అని ఉంటే డెబియన్‌లో దాన్ని డెవ్ అని వెతకాలి. లైబ్రరీ ఉంది కదా మళ్లీ ఇదెందుకు అనుకోకు. నడపడానికి లైబ్రరీ చాలు, కంపైల్ చేయడానికి దాని హెడర్ ఫైళ్లు కావాలి, అవి డెవ్ ప్యాకేజీలోనే ఉంటాయి.

సోర్స్ ఫోల్డర్లోనే కాకుండా లోపల బిల్డ్ అని ఇంకో ఫోల్డర్ చేసి అక్కడి నుంచి కన్ఫిగర్ నడుపు. ఏదైనా చెడితే ఆ ఫోల్డర్ ఒక్కటీ తీసేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ప్రిఫిక్స్ (ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలో చెప్పే ఆప్షన్) కింద ఆప్ట్ పేరుతో ఉండే డైరెక్టరీలో (ఓపీటీ, ప్యాకేజీలు వేసే ఆప్ట్ కాదు) లిలీపాండ్224 అని ఇవ్వు. అప్పుడు నెట్‌బుక్‌లోని 2.22తో కలిసిపోదు, వద్దనుకుంటే ఒక ఫోల్డర్ తీసేస్తే సరి. డిసేబుల్-డాక్యుమెంటేషన్ అని కూడా చెప్పు. మేక్ డాక్ జోలికి అసలు పోకు, ఆ మాన్యువల్‌లోని ప్రతి ఉదాహరణనూ లిలీపాండ్‌తో అచ్చు వేస్తూ కూర్చుంటుంది. మాన్యువల్ నెట్‌లో చదువుకోవచ్చు.

తర్వాత మేక్. మధ్యలో కరెంటు పోతే టెన్షన్ వద్దు, మళ్లీ మేక్ కొడితే ఆగిన చోటి నుంచి అందుకుంటుంది. సగం రాసిన ఫైలు దగ్గర మొరాయిస్తే ఆ ఒక్క ఆబ్జెక్ట్ ఫైలు తీసేయి.

ఇక్కడ చాలామంది వదిలేసేది ఒకటుంది: "మేక్ బైట్‌కోడ్". లిలీపాండ్‌లో పెద్ద భాగం స్కీమ్ భాషలో ఉంది. బైట్‌కోడ్ (స్కీమ్ ఫైళ్లను ముందే కంపైల్ చేసిన రూపం) చేసి పెట్టకపోతే గైల్ ఆ స్కీమ్ ఫైళ్లన్నీ నడిపిన ప్రతిసారీ కొత్తగా చదువుకుంటుంది. కొత్త మెషీన్ మీద ఆ ఆలస్యం భరించొచ్చు, ఆటమ్ మీద మాత్రం ఒక్క పేజీ కోసం టీ తాగి రావాలి. ఆ బైట్‌కోడ్ 32-బిట్‌కూ 64-బిట్‌కూ వేరుగా ఉంటుంది, క్రూట్ లోపల చేయమనడానికి అది కూడా కారణం.

చివరకు మేక్ ఇన్‌స్టాల్, మేక్ ఇన్‌స్టాల్-బైట్‌కోడ్ రెండింటికీ డెస్ట్‌డిర్ కింద ఒక ఖాళీ ఫోల్డర్ చూపించు. అందులో పడినదంతా టార్ చేసి, నెట్‌బుక్ రూట్‌లో విప్పు. అక్కడ లిలీపాండ్ ఫైలు మీద ఎల్‌డీడీ (ఏ లైబ్రరీలు కావాలో చూపించే కమాండ్) నడిపి "నాట్ ఫౌండ్" అన్న లైబ్రరీలు మాత్రం ఆప్ట్‌తో వేసుకో. డెవ్ ప్యాకేజీలు అక్కడ అక్కర్లేదు.

దేవరకొండ_కోయిర్:

మేము చర్చిలో నాలుగు గొంతుల పాటలు లిలీపాండ్‌తోనే వేస్తాం. బ్యాండుతో పాడేవాళ్లు ఉంటే స్వరాల కింద తెలుగు మాటలు కూడా పెట్టొచ్చు. అక్షరాలు కూర్చే పని ప్యాంగో అనే లైబ్రరీ చూసుకుంటుంది కాబట్టి ఒత్తులు, గుణింతాలు సరిగ్గానే పడతాయి. ఫాంట్స్-తెలు ప్యాకేజీ వేసి, లిరిక్ టెక్స్ట్‌కు ఫాంట్ పేరు చెప్పండి. పేరు ఎలా రాయాలో అనుమానం వస్తే "షో-అవైలబుల్-ఫాంట్స్" ఆప్షన్‌తో లిలీపాండ్‌నే అడగొచ్చు.

మాటను స్వరాలకు పంచేటప్పుడు మధ్యలో ఖాళీ, రెండు అడ్డగీతలు, మళ్లీ ఖాళీ. అమ్మ అనేదాన్ని "అ -- మ్మ" అనో "అమ్ -- మ" అనో విరవచ్చు. గుణింతపు గుర్తును అక్షరం నుంచి విడదీసి ముక్క మొదట్లో పెడితే మాత్రం దాని పక్కన చుక్కల సున్న అచ్చవుతుంది. మా దగ్గర క్రిస్మస్ షీట్లలో అలాగే అచ్చయి పంచేశారు, పిల్లలు దాన్ని కూడా పాడాలేమో అనుకున్నారు.

నల్లగొండ_క్లారినెట్:

పాలమూరు అన్నా, పెద్ద సాయం చేశారు. పక్క షాపు మొబైల్ రిపేర్ తమ్ముడి ల్యాప్‌టాప్‌లో క్రూట్ పెట్టి చేశాం, కంపైల్ అయింది. నెట్‌బుక్‌లో ఎల్‌డీడీ ఒక్క గైల్ లైబ్రరీనే లేదంది, అది వేశాను. కానీ టెర్మినల్లో లిలీపాండ్ అని కొడితే ఇంకా 2.22 అనే అంటోంది. ఇంకొకటి, ఆయన ఫైల్లో పాటలన్నీ కీబోర్డు స్కేల్‌లో ఉన్నాయి. క్లారినెట్, ట్రంపెట్ బీ ఫ్లాట్, సాక్సోఫోన్ ఈ ఫ్లాట్. ఒక్కోదానికి మళ్లీ టైప్ చేయాలా?

పాలమూరు_మేక్‌ఫైల్:

2.22 యూఎస్ఆర్ కింద ఉంది, కొత్తది ఓపీటీ కింద ఉంది. బాష్ఆర్‌సీలో పాత్ మొదట్లో కొత్తదాని బిన్ ఫోల్డర్ చేర్చి, టెర్మినల్ మూసి తెరువు. పాతది తీసేయకు, అడ్డమేమీ లేదు.

రెండోదానికి మళ్లీ టైప్ చేయడం ఎందుకు, ట్రాన్స్‌పోజ్ కమాండ్ ఉంది. పాటను ఒక పేరు కింద ఒకసారి పెట్టుకుని, ప్రతి వాయిద్యానికీ దాన్నే పిలవాలి. క్లారినెట్, ట్రంపెట్‌లకు "బెస్ నుంచి సీ ప్రైమ్‌కు" అని ఇవ్వు, ఒక టోన్ (రెండు అర స్వరాలు) పైకి జరుగుతుంది. ఆల్టో సాక్సోఫోన్‌కు "ఈస్ నుంచి సీ ప్రైమ్‌కు", మేజర్ సిక్స్త్ పైకి. బెస్ అంటే బీ ఫ్లాట్, ఈస్ అంటే ఈ ఫ్లాట్. 1996లో దీన్ని మొదలుపెట్టింది హాన్-వెన్ నీన్‌హైస్, యాన్ నీవెన్‌హైజెన్ అనే ఇద్దరు డచ్ వాళ్లు, మామూలుగా స్వరాల పేర్లు డచ్‌లోనే ఉంటాయి. ఫైలు పైన లాంగ్వేజ్ ఇంగ్లిష్ అని పెడితే బీఎఫ్, ఈఎఫ్ అని రాయొచ్చు, కానీ అల్లుడుగారు డచ్ పేర్లతో రాసి ఉంటే మార్చకు, ఫైలంతా ఎర్రర్లే.

యుఫోనియం వాయించే ఆయన బాస్ క్లెఫ్ చదువుతారా, ట్రెబుల్ చదువుతారా అని ముందు అడుగు. బాస్ అయితే ట్రాన్స్‌పోజ్ అక్కర్లేదు, క్లెఫ్ ఒక్కటీ మారిస్తే చాలు. ట్రెబుల్‌లో బీ ఫ్లాట్ పార్టు చదివేవాళ్లయితే క్లారినెట్ పార్టు కంటే ఇంకో ఆక్టేవ్ పైకి రాయాలి. గ్లోబల్ స్టాఫ్ సైజు 14 పెట్టి ఒక కార్డు ప్రింట్ తీసి చూడు, కళ్లకు చిన్నదనిపిస్తే 16 చెయ్యి.